అయిదు గడుల పంచాంగం

పోయిన మంగళవారం ఉదయం తొమ్మిదింబావుకు మా వీధిలోకి పాత ఇనప సామాను కొనే రిక్షా వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని ముందురోజు డైరీ సరిచూసుకుంటున్నాను. రిక్షాలో తుప్పు పట్టిన మోటారు ఒకటి, ఫ్యాను రెక్కలు రెండు, వాటి మీద ఒక కంప్యూటరు డబ్బా ఉన్నాయి. డబ్బా ముందు భాగం అసలు రంగు తెలియడం లేదు. పసుపు మీద కుంకం, కుంకం మీద మళ్ళీ పసుపు, ఏళ్ళ తరబడి చేసిన ఆయుధపూజలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి.

"అదెక్కడిదోయ్?" అని అడిగాను.

"కాలవల ఆఫీసు వేలంలోదండి. మిగతావన్నీ బద్దలుకొట్టి రాగి తీసేసేనండి. దీన్ని మాత్రం మా ఇంట్లో ఆడాళ్ళు కొట్టనివ్వటం లేదండి. దేవుడి డబ్బా అంటన్నారు. తమరేవైనా తీసుకుంటారేటండీ, పూజలోకి?"

వద్దన్నాను. ఆ పసుపు ఎవరి చేతిదో నాకు తెలుసు. ఆయన పోయి పదకొండు నెలలైంది. ఆ రోజు ఆయన ఊరు అయినవిల్లి వెళ్ళి, చివరి చూపు చూసి, ఇంటికొచ్చి డైరీలో నాలుగు లైన్లు రాశాను. రిక్షా మలుపు తిరిగాక ఆ నాలుగు లైన్లు తీసి చదువుకున్నాను. చాలవనిపించింది.

ఆయన పేరు రాయడం లేదు. అమలాపురంలో మా కాలవల ఆఫీసులో హాజరుపట్టీలో తప్ప ఆయన పేరు ఎక్కడా వాడుకలో ఉండేది కాదు. పెద్ద ఇంజనీరు దగ్గర నుంచి టీ తెచ్చే మనిషి దాకా అందరూ "సిస్టం గారూ" అనే పిలిచేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల చొక్కా జేబులో ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసిన పంచాంగం ఉండేది. ఆ బరువుకి చొక్కా ఎప్పుడూ ఒక పక్కకి లాగేసినట్టుండేది. ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది కంప్యూటరు గదిలోనే. అందుకని ఆయన మే నెలలో కూడా స్వెట్టరూ, మంకీ టోపీ వేసుకునేవారు. మేమందరం విసనకర్రలతో విసురుకుంటూ ఉంటే ఆ తలుపు తెరుచుకుని ఆయన అలా బయటికి వచ్చి, "లోపల హిమాలయాలేనండి," అంటూ చేతులు రుద్దుకునేవారు. అర్జీలు పట్టుకొచ్చిన రైతులు ఆయనకి చలిజ్వరమనుకుని పక్కకి జరిగేవారు.

ఎవరేం చెప్పినా ఆయన జవాబు "ఆయ్", అంటే మా వైపు అవునండి అని. ఇంజనీరు గారు పొగిడినా ఆయ్, తిట్టినా ఆయ్. మా అటెండరు ఒకసారి పరీక్షించడానికి, "సిస్టం గారూ, తమరి గది కాలవలో కలిపేస్తారటండి," అన్నాడు. దానికీ "ఆయ్" అనే అన్నారు. ఆయ్ అనవలసిన చోట ఆయన నోట వేరే మాట నేను ఒక్కసారే విన్నాను. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

తండ్రి ఊళ్ళో ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి. కొడుకు టైపిస్టుగా చేరాడు. తొంభైలలో మా ఆఫీసుకి యూనిక్స్ అనే కంప్యూటరు మిషను వచ్చినప్పుడు, టైపు తెలుసు కదా అని ఆయన్ని హైదరాబాదులో ఆరు రోజుల శిక్షణకి పంపించారు. ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంతో తిరిగొచ్చారు. దానికి అట్ట వేసి, రోజూ స్నానం చేశాక ఒకే ఒక్క పేజీ చదివేవారు. రెండో పేజీ చదివితే మొదటిది పోతుందనేవారు.

మాకు స్నేహం కలిసింది డైరీ వల్ల. ఒక రోజు నా బల్ల మీద డైరీ చూసి, "మిషను కూడా రాస్తుందండి," అన్నారు. తీసుకెళ్ళి చూపించారు. నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు. మురుగు కాలవల పొడుగునా గేజి స్టేషన్లు ఉండేవి. అక్కడి మనిషి నీటి మట్టం చూసి, ఒక చిన్న పెట్టె మీద అంకె నొక్కితే టెలిఫోను తీగ మీద మా మిషనుకి చేరేది. ఏ గంటకి ఏ స్టేషను నుంచి ఏ అంకె వచ్చింది, దాన్ని తెర మీద ఎవరు తెరిచి చూశారు, ఇవన్నీ మిషను తనంతట తాను ఒక ఫైలులో రాసుకునేది. దాన్ని లాగ్ అంటారు. ఎవరూ చెప్పకుండా, ఎవరి మీదా అభిప్రాయం లేకుండా, నిమిషాలతో సహా రాయడం చూసి నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

చిక్కల్లా, అది ఆపకుండా రాస్తుంది. ఒక ఉదయం డిస్కు నిండిపోయి, స్థలం లేదని చెప్పి మిషను కూర్చుండిపోయింది. అప్పుడాయన పుస్తకంలో రెండు వారాలు, అంటే పద్నాలుగు పేజీలు, చదివి ఉపాయం కనిపెట్టారు. వారానికోసారి ఇప్పటి లాగ్‌ని పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టాలి. పక్కన పెట్టినవి ఏడు ఉంచాలి. ఎనిమిదోది వస్తే అన్నిటికంటే పాతదాన్ని పారెయ్యాలి.

ఇంజనీరు గారికి ఇది అర్థం కాలేదు. "చెప్పడం కాదండి, చూపిస్తాను," అని ఆయన వరండాలో బల్ల ఈడ్పించి, దాని మీద ఏడుగురిని కూర్చోబెట్టారు. నలుగురు గుమాస్తాలు, నేను, అర్జీ ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు రైతులు. మేమందరం ఒక్కొక్క పాత వారం. అటెండరు కొత్త వారం.

"ఇప్పుడు కొత్త వారం వచ్చింది. జరగండి," అన్నారు.

మొదటి గుమాస్తా జరిగి నా ఒళ్ళో కూర్చున్నాడు.

"చూసేరా! ఇదేనండి ప్రమాదం!" అంటూ ఆయన మంకీ టోపీ తీసేసి ఎగిరి గంతేసినంత పని చేశారు. "మొదటివాడు ముందు కదిలితే రెండోవాడి మీద పడతాడు. రెండోవాడు మాయం. ఎప్పుడూ చివరివాడే ముందు లేవాలండి!"

చివర కూర్చున్నది మురుగు కాలవ పూడిక గురించి అర్జీ తెచ్చిన పెద్దాయన. "నన్నెందుకు లేపుతున్నారండీ? అందరికంటే ముందొచ్చేను నేను," అన్నాడు.

"అందుకేనండి. ముందొచ్చినవారే ముందెళ్ళాలి."

"వెళ్తే మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"రారండి. తమరు ఇంక లేనట్టే."

"మరి నా అర్జీ?"

"అదీ తమరితోనేనండి."

ఇంజనీరు గారికి అర్థమైంది. పెద్దాయనకి కోపం వచ్చింది. ఆ అర్జీ నేను విడిగా తీసుకుని నంబరు వేశాను.

ఇంకో సంగతి కూడా ఆయన పదే పదే చెప్పేవారు. పాత పుస్తకం తీసి పక్కన పెట్టినంత మాత్రాన రాసేవాడికి, అంటే మిషనులో లాగ్ రాసే ప్రోగ్రాముకి, తెలియదట. వాడు ఆ పాతదాంట్లోనే రాసుకుంటూ పోతాడట. "భుజం తట్టి చెప్పాలండి, కొత్తది తెరవమని. లేకపోతే వాడి తప్పు కాదు," అనేవారు. జనవరి మొదటి వారంలో నేను అలవాటు కొద్దీ ఉత్తరాల మీద పాత సంవత్సరం వేస్తుంటే, వెనక నుంచి వచ్చి నా భుజం రెండుసార్లు తట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు.

ఈ ఏడు అనే లెక్క ఇంటికి కూడా పాకింది. ఒకసారి అయినవిల్లి వెళ్ళినప్పుడు ఆయన భార్య మజ్జిగ ఇస్తూ నాతో మొరపెట్టుకున్నారు. "ఏడు మించి ఏదీ ఉండనివ్వరండి అన్నయ్యగారూ. ఎనిమిదో గిన్నె కొంటే ఒకటి అవతలికి పోవాల్సిందే. పెళ్ళాం ఒక్కర్తినే కాబట్టి బతికిపోయేను."

"ఆయ్," అన్నారు ఆయన, పడక్కుర్చీలోంచి.

ఇక అసలు విషయం. ఫైళ్ళు మార్చే పని ప్రతిసారీ మనిషి చేయనక్కరలేదు. ఫలానా వేళకి చెయ్యమని ఒక పట్టీలో రాసిపెడితే మిషనే చేసుకుంటుంది. ఆ పట్టీలో ప్రతి లైనుకీ మొదట అయిదు గడులు ఉంటాయి. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఫరవాలేదు, ఏదైనా సరే అనుకున్న గడిలో నక్షత్రం గుర్తు పెట్టాలి. ఇది తెలిసిన రోజు ఆయన నా బల్ల దగ్గరికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"పంచాంగానికి అంగాలెన్నండీ?"

"అయిదు."

"దీనికీ అయిదేనండి! అందులో వారం ఉంది. నక్షత్రం కూడా ఉంది! అమెరికావాడికి ఊరికే తడుతుందంటారా?"

ఇంకెవరైనా అయితే 'ప్రతి ఆదివారం' అని ఒక లైను రాసి ఊరుకునేవారు. ఆయన ఊరుకోలేదు. పాత ఫైలుని పారెయ్యడమంటే ఇంట్లోంచి వస్తువు బయటికి పంపడమే కదా. శుక్రవారం పంపకూడదు. అమావాస్య నాడు కూడదు. రాహుకాలం, వర్జ్యం తగలకూడదు. కాబట్టి ప్రతి ఉగాదికి కొత్త పంచాంగం రాగానే రెండు రోజులు తలుపు వేసుకుని, నెలకి నాలుగు మంచి రోజుల చొప్పున, నిమిషాలతో సహా ముహూర్తాలు పెట్టి, నలభై ఎనిమిది లైన్లు టైపు చేసేవారు. దాన్ని ప్రింటు తీసి, నాలుగు మూలలా పసుపు రాసి బీరువాకి అంటించేవారు. తండ్రి పెళ్ళిళ్ళకి పెట్టినంత శ్రద్ధగా కొడుకు పాత ఫైళ్ళకి పెట్టారు. నాలుగేళ్ళు అలా గడిచాయి. మిషను ఎన్నడూ మొండికెయ్యలేదు.

అయిదో ఉగాదికి ఆ పట్టీ నేను చదివాను. నేను రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. అయిదో గడి నిండా నక్షత్రాలే ఉన్నాయి.

"వారం ఏదండీ?" అన్నాను. "తేదీ ఒక్కటీ వేసి ఊరుకుంటే ఎలా? శుభలేఖలోనైనా తేదీ పక్కన వారం వెయ్యకపోతే నమ్ముతారా? నా డైరీలో ఒక్క పేజీ చూపించండి, వారం లేకుండా."

ఆయన పట్టీ వంకా, నా వంకా చూశారు. "ఎంత తప్పు పట్టుకున్నారండీ!" అన్నారు. ఆ సాయంత్రంలోగా నలభై ఎనిమిది లైన్లకీ వారం గడి నింపేశారు. మర్నాడు నాకు చక్రకేళి అరటిపళ్ళ అత్తం ఒకటి తెచ్చి ఇచ్చారు. నేను తీసుకున్నాను.

ఆ వేసవిలో ఒకసారి ఆయన సంతోషంగా, "మిషనుకి ఈ ఏడు బుద్ధొచ్చిందండి. తక్కువ రాస్తోంది. ఫైలు చూస్తే ఇంతే ఉంటోంది," అని వేలి కణుపు చూపించారు. దానికీ వయసు మీద పడుతోంది కదా, నెమ్మదించి ఉంటుందన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

వర్షాకాలంలో వాయుగుండం పట్టింది. ముమ్మిడివరం అవతల గేజి స్టేషనులో రోజుకూలీ మీద పనిచేసే ఒకావిడ ఉండేది. మురుగు కాలవ మట్టం ఎర్రగీత దాటితే ఆవిడ అంకె నొక్కాలి. అది తెర మీద చూసి మా జూనియర్ ఇంజనీరు, జె.ఇ. గారు, కాలవకి దిగువనున్న తలుపులు ఎత్తించాలి. ఆ మధ్యాహ్నం తలుపులు సమయానికి ఎత్తలేదు. వరి నాట్లు ఊడ్చిన చేలు వారం రోజులు నీళ్ళలో ఉండిపోయాయి. రైతులు గొడవ చేశారు. జె.ఇ. గారు మెసేజి సాయంత్రం ఆరింటికి గానీ రాలేదన్నారు. ఆవిడ రెండింటికే పంపానంది. ఆ వేళ సిస్టం గారు తండ్రి తద్దినానికి సెలవులో ఉన్నారు. జె.ఇ. గారు ఎక్కడున్నారో, ఆయన పట్టుపంచె మీద పడిన గృహప్రవేశం పులిహోర మరకని బట్టి ఆఫీసులో అందరికీ తెలుసు. కానీ పులిహోర మరక సాక్ష్యానికి పనికిరాదు.

ఆవిడ ఆఫీసుకి వచ్చి ఏడ్చింది. "రెండింటికే నొక్కేనండి బాబాయిగారూ. గొడుగు ఎగిరిపోతే అన్నం పళ్ళెం నెత్తిన పెట్టుకుని మెట్లు దిగేనండి. నన్ను తీసేస్తారంటగా?"

సిస్టం గారు టోపీ సర్దుకుని, "ఏడవకు తల్లీ," అన్నారు. "మిషను డైరీలో ఉంటుంది. నువ్వు నొక్కిన నిమిషం, ఎవరు చూసేరో ఆ నిమిషం కూడా. ఏడు వారాలు ఎక్కడికీ పోదు. పాతవి మనం ముట్టుకోకూడదు. విచారణకి పై అధికారిని పంపుతున్నారట, ఆయన వచ్చేకే తెరుద్దాం."

విచారణాయన ఇరవయ్యో రోజున కాకినాడ నుంచి వచ్చారు. బుధవారం, పన్నెండుంబావు. రాహుకాలమని సిస్టం గారు నా వైపు దీనంగా చూశారు గానీ అధికారికి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. కంప్యూటరు గదిలో అయిదుగురం. అధికారి, జె.ఇ. గారు, గేజి ఆవిడ, సిస్టం గారు, వాంగ్మూలాలు రాసుకోవడానికి నేను. ఏసీకి గేజి ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన తన మంకీ టోపీ తీసి ఆవిడకి ఇచ్చారు. విచారణ పూర్తయ్యేదాకా ఆవిడ ఆ టోపీతోనే కూర్చుంది.

ఆయన మూడో ఫైలు తెరిచారు. పైకి చూశారు, కిందికి చూశారు. నాలుగోది తెరిచారు. చివరికి ఏడోది.

"అన్నిటికంటే పాతది ఎన్నాళ్ళది?" అన్నారు అధికారి.

"పదకొండు రోజులదండి."

"వరద ఇరవై రోజుల కిందట కదా? అంటే ఆ మెసేజి ఇందులో లేదు."

"అదేనండి నేను మొదట్నుంచీ మనవి చేస్తున్నది," అన్నారు జె.ఇ. గారు.

అధికారి నా వైపు తిరిగి, "రాసుకోండి. లాగ్‌లో మెసేజి లేదు. కాబట్టి పంపలేదు," అన్నారు. తరవాత సిస్టం గారితో, "అంతేకదయ్యా?" అన్నారు.

ఆ గదిలో మిషను సంగతి తెలిసినవారు ఆయనొక్కరే. ఆయన జీవితంలో ఏ అధికారికీ "ఆయ్" తప్ప ఇంకో జవాబు చెప్పలేదు. జె.ఇ. గారు అప్పటికే కుర్చీలోంచి సగం లేచారు.

"కాదండి," అన్నారు ఆయన.

తరవాత వెళ్ళి బీరువా తెరిచారు. అట్ట వేసిన పుస్తకం తీసి పేజీలు తిప్పారు. ఒక చోట వేలు ఆగింది. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నారు.

"తేదీ, వారం రెండూ ఇస్తే రెండూ కుదరాలని అనుకున్నానండి. కాదట. ఏ ఒక్కటి కుదిరినా చాలునట. పదో తేదీ గురువారం అని నేను రాస్తే, పదో తేదీనీ చేసింది, ఆ నెలలో వచ్చిన ప్రతి గురువారమూ చేసింది. నెలకున్న నాలుగు లైన్లూ అలాగే చేస్తే, నెలకి నాలుగుసార్లు మారవలసిన ఫైళ్ళు వారానికి నాలుగైదుసార్లు మారిపోయేయి." ఆయన గొంతు పెరిగింది. అవమానం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది అందులో. "తిథీ వారం రెండూ కుదిరితేనే కదండీ ముహూర్తం? ఏదో ఒకటి కుదిరిందని పెళ్ళి చేసేస్తారుటండీ ఎక్కడైనా?"

అధికారి తల పట్టుకున్నారు. "ముహూర్తం ఏమిటయ్యా?"

బీరువాకి ఉన్న పట్టీ చూపించారు. పసుపు మూలలతో సహా అధికారి దాన్ని మొత్తం చదివారు. చదివి, "ఇది నేను రిపోర్టులో ఎలా రాయను?" అన్నారు, నిజమైన బాధతో.

"నా తప్పని రాయండి. ఈవిడ పంపిందో లేదో చెప్పవలసిన కాగితం నా చేతులతో పారేసేను. అది లేదు కాబట్టి ఈవిడ పంపలేదనకూడదండి. లేకపోవడం నా లెక్కలో వెయ్యండి."

"ఈ వారం గడి నింపమని నీకు ఎవరు చెప్పారు? శిక్షణలో చెప్పారా?"

నా కలం కాగితం మీద ఆగిపోయింది. నేను తల ఎత్తలేదు.

"ఎవరూ చెప్పలేదండి. అలవాటు," అన్నారు ఆయన.

'అలవాటు' అని నా చేత్తోనే రాశాను. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా.

ఆవిడ మీద ఆరోపణ రుజువు కాలేదని ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం నిలిచింది. జె.ఇ. గారికీ ఏమీ కాలేదు. సిస్టం గారిని రాజోలు వైపు ఒక లాకుల దగ్గరికి బదిలీ చేశారు. అక్కడ కంప్యూటరు లేదు, ఏసీ లేదు, తలుపులు ఎత్తే చక్రం ఒకటి ఉంది.

ఆఫీసు వదిలే రోజు నన్ను గదిలోకి పిలిచారు. నలభై ఎనిమిది లైన్లూ తీసేసి ఒకే ఒక్కటి ఉంచారు. "సరిచూడండి," అన్నారు. నలభై అయిదు, పదహారు, నక్షత్రం, నక్షత్రం, సున్నా. ఆదివారం సాయంత్రం నాలుగూ ముప్పావు.

"అది రాహుకాలం కదండీ!" అన్నాను.

"ఆయ్. ఆ వేళకి ఎవరూ ఏ పనీ మొదలెట్టరండి. మిషను ఖాళీగా ఉంటుంది."

నవ్వబోయి నవ్వలేకపోయాను. తలుపు వేసి వచ్చి, "నా పేరు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

ఆయన స్వెట్టరు మడత పెడుతున్నారు. చాలా మామూలుగా, నాకు తెలియని ఒక కమాండు చెబుతున్నట్టు అన్నారు. "రాస్తున్నది మీరే కదండీ. మధ్యలో మీ పేరొస్తే చెయ్యి వణుకుతుంది. ఆవిడ కాగితం పాడైపోతుంది."

ఆ రోజు డైరీ ఇప్పుడు నా ముందుంది. శుక్రవారం. 'సిస్టం గారు రిలీవ్ అయ్యారు. వర్షం లేదు.' అంతే ఉంది. దాని కింద మూడు వేళ్ళ ఖాళీ ఉంది. ఇవాళ ఆ ఖాళీలో ఒక లైను చేర్చాను. 'వారం గడి నింపమన్నది నేను.' ఆ లైను ఒక కార్డు మీద కూడా రాసి, సంతకం పెట్టి, ముమ్మిడివరం అవతల గేజి స్టేషనుకి, ఆవిడ పేరు మీద పోస్టు చేశాను.